ఇంజిన్ ఎవరు ఇప్పినారు?

శనివారం పులిహోర కలిపే ఇత్తడి పళ్ళెం కోసం వెతికితే, రంగప్రియకు అది పెరట్లో కనబడింది. అందులో కిరసనాయిలు, కిరసనాయిల్లో తన స్కూటర్ పిస్టను. మడి తప్పిందని వండిన పప్పు పారబోయించే అత్తగారు వకుళాదేవి, ఆ పళ్ళెం చూసి మురిసిపోయింది. "మావాడు ఇంజినే ఇప్పేసినాడు, సూడు! వీడి ముందర మెకానిక్కులు యాడికి పనికొస్తారు?"

స్కూటర్ రంగప్రియది. తిరుపతి నుంచి రేణిగుంట బడికి దాని మీదే వెళ్ళి పాఠాలు చెప్పి వస్తుంది. అది పొగ చిమ్ముతుంటే మెకానిక్ సునీల్‌కుమార్ చూసి, పిస్టను అరిగిపోయింది, ఇంజిన్ దించాలన్నాడు. ఆమె సరేనంది. భర్త హృషీకేశ్ ఒప్పుకోలేదు. "వీడియోల్లో అంతా చూపిస్తాండారు. నేనే చేస్తా. ఇంజిన్ గురించి నీకేం తెలుసు?"

తెలియదు. తెలియదు కనుకే తెలిసినవాడికి ఇద్దామంది. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఇక ఆదివారాలన్నీ అతను విప్పడం, ఆమె టార్చి పట్టుకుని నిలబడడం. దొర్లిపోయిన బోల్టులు ఏరడం, మసిగుడ్డలు ఉతకడం, మధ్యమధ్య కాఫీలు అందించడం అన్నీ ఆమెవే. చుట్టాలకు ఫోన్లో చెప్పేటప్పుడు మాత్రం పనంతా అతనిది. రెండు బస్సులు మారి బడికి ఆలస్యంగా చేరితే హెడ్మాస్టరు గడియారం వైపు చూసి, "మీ ఆడవాళ్ళకు రోజూ ఏదో ఒకటి ఉంటాది మేడం" అనేవాడు. చివరికి ఒక బోల్టు ఇంజిన్ లోపలే విరిగింది. హృషీకేశ్ చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్ళాడు, మళ్ళీ పెరటి వైపు చూడలేదు.

చెప్పీ చెప్పీ విసిగి, ఆమే ట్రాలీ ఆటో మాట్లాడి, ముక్కలన్నీ గోనెసంచిలో వేసి, బండిని షెడ్డుకు తీసుకెళ్ళింది. హృషీకేశ్ తన బైకు మీద వెనకే వచ్చాడు.

సంచి విప్పి సునీల్‌కుమార్ తల పట్టుకున్నాడు. "ఎవరు సార్ దీన్ని ఇప్పింది?"

హృషీకేశ్ నవ్వాడు. "ఇంట్లో ఆడోళ్ళు గదప్పా! నేను ఆఫీసుకు పోయినప్పుడు కెలికేసినారు."

"తెలీని పని చేయగూడదు మేడం," అన్నాడు సునీల్‌కుమార్, చిన్నపిల్లకు చెప్పినట్టు.

రంగప్రియ భర్త ముఖంలోకి చూసింది. ఆ నవ్వు ఆమెకు తెలుసు. పెళ్ళయిన నాలుగో ఏడు, పిల్లలు కలగకపోవడానికి లోపం అతనిలో ఉందని చెన్నైలో డాక్టరు చెప్పిన రోజు, ఆస్పత్రి మెట్ల మీద ఇలాగే నవ్వి అడిగాడు. "అమ్మకు నీలోనే అని చెబుదాం ప్రియా. నీకేం పోతుంది?" ఏం పోలేదు. సీమంతాల పిలుపులు పోయాయి, అంతే. "గొడ్డుబోయింది" అని అత్తగారు పొరుగావిడతో అంటుంటే అన్నం వడ్డిస్తూ విన్నది. అతనూ విన్నాడు. విని, ఇంకాస్త పెరుగు వేయించుకుని తిన్నాడు.

"ఇప్పింది నేను కాదు," అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "ఆయన. చెడగొట్టిందీ ఆయనే."

సునీల్‌కుమార్ తల వంచుకుని పానా వెతుక్కోసాగాడు. హృషీకేశ్ ముఖం నల్లబడింది. "నలుగురిలో ఏందే ఇది? ఇంటికి పద, మాట్లాడదాం."

"పదండి," అంది రంగప్రియ. "లోపం ఎవరిలో ఉండాదో అత్తమ్మకు కూడా ఈ పొద్దే చెప్పేస్తాను."

బైకు తాళం అతని చేతిలోంచి జారి నేల మీది నూనెలో పడింది. ఆమె వంగి తీసివ్వలేదు.