ఏడుపు వీడియో

"కాటుక దిట్టంగా పెట్టుకో. ఆ ఖరీదుది కాదు, నీళ్ళకు కారేది పెట్టుకో," అన్నాడు జయచంద్ర వంటింటి గడప మీద నిలబడి, ఫోను మీంచి కళ్ళెత్తకుండా. తనూజ చట్నీకి వేయించిన వేరుసెనగ పప్పుల పొట్టు ఊదుతోంది. పదకొండుకల్లా మేడ మీద వెలుతురు బాగుంటుందనీ, ఆలోపు వంట ముగించుకుని వచ్చి కెమెరా ముందు కూర్చోవాలనీ, మాట మధ్యలో గొంతు పట్టేసినట్టు ఆగాలనీ భర్త చెబుతూనే ఉన్నాడు.

నాలుగు రోజులుగా ఇదే గొడవ. తనూజ తన వీడియోలో మెచ్చుకున్న రంగు తేలే క్రీము పూసుకుంటే ముఖం పొక్కిపోయిందని ధర్మవరం నుంచి పల్లవి అనే అమ్మాయి ఒక వీడియో పెట్టింది. ఆ పిల్ల ఎవరినీ తిట్టలేదు. బుగ్గలు చూపించింది, క్రీము డబ్బా చూపించింది, అంతే. తిట్టడానికి మిగతా లోకం వచ్చింది. తనూజ రంగంతా సూదుల రంగేనట. పెళ్ళికి ముందు బొగ్గులా ఉండేదట. బెంగళూరులో ఎవరితోనో తిరుగుతోందట. నడుము పాడవుతుందని కడుపు తీయించుకుందట. మొగుడిచేత ఉద్యోగం మాన్పించి కెమెరా పట్టిస్తోందట, పాపం ఆయన దేవుడట.

ఆ చివరి మాట దగ్గర తనూజకు నవ్వొచ్చింది. బండ్ల షోరూములో ఉద్యోగం అతను తనంతట తనే మానుకున్నాడు. ఆమె వీడియోలు చూసేవాళ్ళు రెండు లక్షలు దాటిన రోజున "ఇంగ నీకు మేనేజరు నేనే" అని పాస్‌వర్డు తీసుకున్నాడు. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా వంటా, అంట్లూ, బట్టలూ. అక్కణ్నుంచి సాయంత్రం దాకా ముఖానికి రంగులేసుకుని హిందూపురం యాసలో నవ్వుతూ మాట్లాడటం. అలసిపోయానంటే "నువ్వేం చేస్తాండావు, మూతి ఆడించేదే గదా" అనేవాడు. కంపెనీవాళ్ళు పంపిన క్రీము డబ్బా వచ్చిన రోజు మూత తీసి చూసి, ఘాటు వాసన వేస్తోంది, నాకొద్దు అంది. "నిన్ను పూసుకోమన్నదెవురు? నెల నుంచి వాడతాండానని చెప్పు చాలు," అన్నాడు. చెప్పింది. ఎప్పటిలాగే నవ్వుతూ చెప్పింది. ఊరూవాడా ఇన్ని అబద్ధాలు రాస్తున్నారు కానీ, తను ఆడిన ఆ ఒక్క అబద్ధం గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదు.

"కడుపు పోయిన సంగతి కూడా చెప్పల్ల," అన్నాడు జయచంద్ర. "ఆడ ఆగి ఏడ్వల్ల. జనం మెత్తబడతారు."

తనూజ చేతిలో పొట్టు అలాగే ఉండిపోయింది. పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న అత్త అన్నపూర్ణమ్మ తల ఊపింది. "వాడు చెప్పేది నిజమే. ఆడదాని ఏడుపు చూస్తే ఎవురికైనా మనసు కరుగుతాది. అప్పుడు దాచిపెట్టుకున్న ఏడుపు ఇప్పుడన్నా పనికొస్తాది."

తనూజ దాచిపెట్టుకోలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు గోడకు తిరిగి పడుకుని ఏడుస్తుంటే, "మూడో నెలలో పోయినదానికి ఇంత ఏడుపా, లేచి పొయ్యి ముట్టించు" అన్నది ఈ అత్త నోరే. లేచి ముట్టించింది. ఆ పూట ఉప్మా చేసినట్టు కూడా తనూజకు గుర్తుంది. ఆ రోజు పనికిమాలినదైన ఏడుపు ఇవాళ పదకొండు గంటలకు మేడ మీద కావాలి.

జయచంద్ర ఫోను స్టాండు తీసుకుని మెట్లెక్కాడు. తనూజ స్టవ్వు ఆర్పింది. ముఖాన ఏమీ లేకుండా, ఇంటి చీర మీదే, సంచి భుజానికి తగిలించుకుంది. "యాడికే?" అంది అత్త. "వస్తా అత్తా," అని వీధిలోకి దిగి స్టేషనుకు ఆటో ఎక్కింది.

పల్లవి నంబరు ఆమె దగ్గరుంది. మొదటి రోజే ఆ పిల్ల నంబరు పెట్టి, ఒకసారి మాట్లాడక్కా అని రాసింది. భర్త బ్లాకు చేసేలోగా తనూజ దాన్ని గ్యాసు పుస్తకం వెనక అట్ట మీద ఎక్కించుకుంది. ఎందుకో అప్పుడు తెలియలేదు. రైలెక్కాక సంచిలోంచి ఆ పుస్తకం తీసి, ఫోను చేసి ఇల్లెక్కడో కనుక్కుంది.

పెనుకొండ వస్తుండగా జయచంద్ర ఫోను. "స్టాండు పెట్టుకుని కూర్చుండా. యాడుండావు?"

"ధర్మవరం పోతాండా."

అతను మెల్లగా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాట్లాడే గొంతుతో అన్నాడు. "నువ్వు పోయినావంటే తప్పు ఒప్పుకున్నట్లే. కంపెనీవాళ్ళు నన్ను వదలరు. పెనుకొండలో దిగు. బండేసుకుని వస్తాండా. దిగకపోతే ఇంగ ఈ ఇంటికి రావద్దు."

రైలు ఆగింది. తనూజ లేచి నిలబడింది. కాళ్ళు వాటంతటవే తలుపు దాకా నడిచాయి, ఇన్నేళ్ళ అలవాటు మరి. కింద ప్లాట్‌ఫారం. వెనక ఎవరో "దిగుతావామ్మా, లేదా?" అన్నారు. ఆమె పక్కకు జరిగి వాళ్ళకు దారి ఇచ్చింది. రైలు కదిలేదాకా తలుపు కమ్మీ వదల్లేదు.

ధర్మవరంలో ఆ ఇంట్లో మగ్గం నడుస్తోంది. తలుపు తీసిన కుళ్ళాయమ్మ, పల్లవి తల్లి, ఎవరు కావాలని అడిగింది. తనూజ నోరు తెరిచి పేరు చెప్పగానే లోపల నుంచి "ఆ అక్కేమ్మా, గొంతు ఆయమ్మదే," అంటూ పల్లవి వచ్చింది. కళ్ళ కింద నుంచి చున్నీ కట్టుకుని ఉంది. చీరల కొట్లో గిరాకీలకు చీరలు విప్పి చూపించే పని ఆ పిల్లది. ముఖం మానేదాకా రావద్దన్నారు.

"వీడియో తీసేయమని చెప్పేకి వచ్చినావా?" అంది కుళ్ళాయమ్మ.

"కాదమ్మా."

పల్లవి ఆమె వట్టి ముఖాన్నే చాలాసేపు చూసింది. "ఆ క్రీము నువ్వు పూసుకున్నావాక్కా?"

"లేదు. ఒక్క దినం కూడా పూసుకోలేదు. నెల నుంచి వాడతాండానని అబద్ధం చెప్పినా."

లోపల మగ్గం ఆగిపోయింది.

"మీ ఆయన చెప్పమన్నాడా?"

ఔనంటే సరిపోయేది. అది నిజం కూడా. "చెప్పమన్నాడు," అంది తనూజ. "కానీ చెప్పింది నా నోరే."

సంచిలో ఫోను మోగి మోగి ఊరుకుంది. పల్లవి చున్నీ ముడి విప్పి పక్కన పెట్టింది. పొక్కులు ఫోనులో కనిపించినదానికంటే ఎర్రగా ఉన్నాయి. తన ఫోను తెచ్చి, ఇద్దరూ కనబడేట్టు గూట్లో నిలబెట్టి, మీట నొక్కబోతూ ఆగింది.

"ఈ మాట చెప్తే నిన్ను ఇంగా తిడతారు గదక్కా."

"తిట్టనీ. ఇన్ని దినాలు నేను చేయనివాటికి తిట్టించుకున్నా. దీనికి పడతా, ఇది నేను చేసిందే. నొక్కు."