ఇద్దరూ నిలబడే ఉన్నారట

ఆగి ఉన్న రెండు బండ్లు ఒకదాన్నొకటి ఎట్లా గుద్దుకుంటాయి? మూడు రోజులుగా వీణ బుర్ర తొలిచేస్తున్న ప్రశ్న ఇది. ఎమ్మిగనూరు జూనియర్ కాలేజీలో ఆమె చెప్పేది భౌతికశాస్త్రమే. పని, శక్తి, అభిఘాతాలు అన్నీ ఏటా చెప్తుంది. ఇలాంటి గుద్దుడు మాత్రం ఏ పుస్తకంలోనూ చూడలేదు.

గుద్దుకున్నవాళ్ళు పరాయివాళ్ళైనా బాగుండేది. ఒకరు కన్నతండ్రి నాగప్ప, ఇంకొకరు కాబోయే మామ, ఆదోని నరసన్న. గుద్దుకున్న రోజు పొద్దున్నే ఇద్దరూ ఫోనులో గొంతులు చించుకున్నారు. పెండ్లి మా ఎమ్మిగనూరులోనే చేయాలని ఈయన, కాదు మా ఆదోనిలోనే అని ఆయన. సాయంత్రానికి ఆదోని రోడ్డులో, పత్తిచేల పక్క మలుపులో, నాగప్ప మోపెడ్డూ నరసన్న మోటారుసైకిలూ ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఒకరికి మోకాలు చెక్కుకుపోయింది, ఇంకొకరికి మణికట్టు బెణికింది. బతికి బయటపడ్డాం చాలని ఊరుకున్నారా? నేను నిలబడుంటే నువ్వే వచ్చి గుద్దినావని ఇద్దరిదీ ఒకటే పాట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు!

ఆదివారం పొద్దున నరసన్న కట్టు కట్టిన చేత్తోనే, కొడుకు మహేంద్ర బండెక్కి వచ్చాడు. తాంబూలాలు తిరిగిచ్చేయడానికి వచ్చాడు. పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరైన మహేంద్ర గుమ్మం దగ్గరే నిలబడి, దిక్కుతోచక వీణ వంక చూశాడు. రెండేళ్ళు ఆలోచించి, ఏరికోరి ఒప్పుకున్న మనిషి. రెండు ముసలి బండ్ల కోసం ఈ మనిషిని వదులుకోవాలా? వీణకు ఏడుపు వచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది.

"తప్పు ఒప్పుకుంటే ఉంటాను, లేదంటే ఇప్పుడే పోతాను" అన్నాడు నరసన్న.

"నిలబడినోనిది తప్పెట్లయితాది బావా?" అన్నాడు నాగప్ప మంచం మీంచి.

నరసన్న ఫోను తీసి వీణ చేతిలో పెట్టాడు. "నువ్వే సూడమ్మా, సదువుకున్నదానివి. గుద్దిన ఎంటనే తీసిన ఫోటో. నా బండి ఒక్క మూరన్నా కదిలిందా? నిలబడున్నాననే గదా?"

"నాది మాత్రం కదిలిందా?" అన్నాడు నాగప్ప.

వీణ ఫోటోను పెద్దది చేసి చూసింది. రెండు ముందు చక్రాలూ ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయి ఉన్నాయి. పగిలిన లైటు పెంకులన్నీ సరిగ్గా వాటి కిందే పడి ఉన్నాయి. రోడ్డు మీద ఈడ్చుకుపోయిన గీత ఒక్కటీ లేదు. నిజమే, ఏ బండీ కదల్లేదు. అప్పుడు వెలిగింది ఆమెకు. ఫోను పక్కన పెట్టి గబగబా వంటింట్లోకి పోయింది.

"ఏమే, ఆ పిండెందుకే?" అని తల్లి తిమ్మమ్మ అరుస్తూనే ఉంది. చపాతీ పిండి ముద్దా, రెండు స్టీలు గ్లాసులూ పట్టుకొచ్చి వీణ నాపరాళ్ళ నేల మీద కూర్చుంది. ఒక గ్లాసు నిండా బియ్యం పోసింది. ఖాళీ గ్లాసుకు పిండి అతికించింది.

"బియ్యం గ్లాసు మామ బండి. ఖాళీది మా నాయన మోపెడ్డు. మామ నిలబడుండాడు, మా నాయన వచ్చి గుద్దినాడు. సూడండి." ఖాళీ గ్లాసును తోసింది. అది పోయి బియ్యం గ్లాసుకు అతుక్కుని, రెండూ కలిసి జానెడు దూరం జారాయి.

"సూస్తిరా, నిలబడిన దాన్ని గుద్దితే రెండూ కలిసి ముందుకు పోతాయి. కదలకుండా ఉండవు."

ఈసారి రెండు గ్లాసులనూ రెండు చేతులతో ఎదురెదురుగా తోసింది. ఖాళీదాన్ని గట్టిగా, బియ్యందాన్ని మెల్లగా. రెండూ అతుక్కుని, తగిలిన చోటే ఆగిపోయాయి.

"ఇద్దరూ వస్తేనే ఇట్లా నిలుస్తాయి. మీ ఊపు అంతా యాడికి పోయింది? చక్రాలు వంకర తిరిగినాయే, లైటు పగిలిందే, మామ చెయ్యి వాచిందే, దాంట్లోకి పోయింది. ఇద్దరూ వచ్చినారు, ఇద్దరూ అబద్ధం సెప్పినారు. దొందూ దొందే!"

వీణ తండ్రి వైపు తిరిగింది. చెప్పడం కష్టంగానే ఉంది, అయినా చెప్పింది. "నీ బండి తేలిక నాయినా. ఆ బరువు బండిని ఉన్నచోటే ఆపినావంటే నువ్వే ఎక్కువ ఊపులో వచ్చుండాల. ముప్పై దాటితే ఇంజను పోతాదని భయపడేటోనివి, ఆదోని దిక్కు అంత బిరబిరా ఎందుకు పోతాంటివి?"

నాగప్ప మోకాలి కట్టు సర్దుకున్నాడు. "పెండ్లి ఆదోనిలోనే పెట్టుకుందాం బావా అని సెప్పేదానికి. పొద్దుగూకితే నా మనసు మారిపోతాదేమోనని..."

నరసన్న నోరు తెరుచుకుంది. "నేనూ అదే పని మీద వస్తాంటి. ఎమ్మిగనూరులోనే కానిద్దామని."

"మరి ఆడనే సెప్పుంటే ఏం పోయింది?" అంది తిమ్మమ్మ.

"గుద్దినాంక యాడ సెప్పేది?" అన్నాడు నాగప్ప. "తగ్గినోనిదే తప్పంటారని."

వీణకు తల బాదుకోవాలనిపించింది. మూడు రాత్రులు ఆమె కన్ను మూయలేదు. సరే, ఇప్పటికైనా తేలింది కదా అని ఊపిరి పీల్చుకోబోయింది.

"ఐతే ఆదోనిలోనే బావా" అన్నాడు నాగప్ప.

"కాదు బావా, ఎమ్మిగనూరులోనే."

"నేను ఒక మాటంటే అంతే. ఆదోనిలోనే!"

"నా మాటకు ఇలువ లేదా? ఎమ్మిగనూరులోనే!"

గొంతులు మళ్ళీ లేచాయి. నరసన్న చెయ్యి తాంబూలాల సంచి వైపు పోయింది. వీణ అతుక్కున్న గ్లాసులను ఇద్దరి మధ్యా ఠక్కుమని పెట్టింది.

"మూడు దినాల నుంచీ నిలబడున్నాం, నిలబడున్నాం అంటాండారు గదా! ఇప్పుడన్నా ఒకరు నిజంగా నిలబడండి. ఒక్కరు ఆగితే చాలు, ఇంకొకరు తోసుకోని పోతారు. ఇద్దరూ ఎదురొస్తే మాత్రం నా పెండ్లి ఈడనే ఆగిపోతాది."

నాగప్ప ఏదో అనబోయాడు. నేల మీది గ్లాసులను చూశాడు. కూతురి మొహం చూశాడు. నోరు మూసుకున్నాడు. ఆయన బతుకులో అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం వీణ ఎప్పుడూ చూడలేదు.

కాసేపు చూసి నరసన్నే నెమ్మదిగా అన్నాడు. "ఐతే... ఎమ్మిగనూరులోనే."

మహేంద్ర అప్పుడు గుమ్మం దాటి లోపలికొచ్చి కూర్చున్నాడు. తిమ్మమ్మ గ్లాసులు తీసుకుని, పిండి గీక్కుంటూ వంటింట్లోకి పోయింది. అయిదుగురికీ చపాతీలు చేయాలి, సగం పిండి నేలపాలయింది మరి.