సొరుగులో ఎనిమిది మంది

వకుళ తెప్పించిన ఇరవై ఒక్క పరిశోధనలు సోమవారం పొద్దున్న పది గంటలకి నడిచి వస్తున్నాయి. కాగితాల మీద వస్తాయనుకుని ఆమె క్లిప్పులూ, ఫైళ్ళూ సిద్ధం చేసుకుంది. అవేమో మనుషుల్లా చెప్పులు గుమ్మం బయట విడిచి, ఒకరి వెనక ఒకరు ఆసుపత్రి లైబ్రరీలోకి వస్తున్నాయి. ఒక్కొక్కరి చేతిలో రెండేసి మూటలున్నాయి.

వకుళ కుర్చీలు లెక్కపెడుతుంది. పద్నాలుగే ఉన్నాయి. గది ఆ సంగతి కనిపెట్టి నాలుగు గజాలు పొడవు పెరుగుతుంది, చివర్లో ఒక బల్ల కూడా వేస్తుంది. ఈ గదికి మొదట్నుంచీ మర్యాదలు ఎక్కువే.

వకుళ పని చెప్పడానికి సులువుగానే ఉంటుంది. ఒక వైద్యాన్ని ఏయే ఊళ్ళలో ఎవరెవరు పరీక్షించి చూశారో వాళ్ళందర్నీ ఒక్కచోటికి పిలవాలి. ఎంతమందిని చూశారు, ఎలా చూశారు, ఏం చెప్పకుండా దాటేస్తున్నారు అని పెళ్ళిసంబంధం చూసేవాళ్ళ కంటే గట్టిగా ఆరా తియ్యాలి. ఆఖరికి అందరి మాటా కలిపి ఒక్క మాట చెయ్యాలి. ఇవాళ ఆ ఒక్క మాట కోసం కింద పసిపిల్లల వార్డులో హెడ్ నర్సు సలోమీ సిస్టర్ ఎదురుచూస్తోంది.

ఆ వార్డులో మంగతాయారు కూతురు గాజుపెట్టెలో ఉంది. రెండు నెలలు ముందుగా పుట్టింది, పన్నెండొందల యాభై గ్రాములు. పదిహేను వందలు దాటితే గాని బిడ్డను తల్లికి ఇవ్వకూడదని గోడ మీద నోటీసుంది. బిడ్డేమో గంటగంటకీ తేలికైపోతోంది. ఎనిమిదింటికి పరుపు మీంచి బెత్తెడు పైకి లేచింది. ఇప్పుడు పెట్టె నడిమధ్యన తేలుతోంది.

నోటీసు రాసిన పెద్ద డాక్టరు గారు చెడ్డవారేం కాదు. "అందరి మాటా కలిపి పట్రండమ్మా, నా చేత్తో నేనే చింపేస్తాను" అన్నారు. ఆయన నాలుగింటికి డ్యూటీ దిగుతారు. నాలుగు దాటాక ఆ పిల్ల గాజుని కూడా దాటి పైకి వెళ్ళిపోతుందని సలోమీ సిస్టర్ భయం.

వకుళ అడగాల్సింది ఒక్కటే. బరువు పెరిగేదాకా ఆగాలా, లేక పుట్టగానే తల్లి గుండెల మీద ఒళ్ళు ఒంటికి ఆనేలా పడుకోబెట్టాలా?

మొదటాయన కుర్చీలో కూర్చుంటాడు. ఒక మూట బరువుగా కదులుతోంది, రెండోది తేలిగ్గా, కదలకుండా ఉంది. మొదటిదాన్లో బతికిన పిల్లలు, రెండోదాన్లో దక్కని పిల్లలు ఉన్నారని వకుళకి తెలుసు. రెండో మూట ముడి విప్పమని ఆమె ఎవర్నీ అడగదు, ముడికి కట్టిన చీటీ మీది సంఖ్య మాత్రం రాసుకుంటుంది.

"మొత్తం అరవై మంది అన్నారు. రెండు మూటల్లోనూ కలిపి నలభై ఒక్కరేగా?" అంటుంది.

"ఆయ్, తతిమ్మావాళ్ళు ఇళ్ళకెళ్ళిపోయారండి. అడ్రసులు తీసుకోలేదు."

"ఎలా ఉన్నారో మరి?"

"బాగానే ఉండుంటారండి. లేపోతే మళ్ళీ వచ్చేవోళ్ళు కదండీ."

వకుళకి ఒళ్ళు మండుతుంది, కానీ మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చోబెడుతుంది. తర్వాతాయన కోటు గాజుపెట్టెలు అమ్మే కంపెనీవాళ్ళు కుట్టించింది. కోటు బయట తగిలించి రమ్మంటే, కోటు లేకుండా తనకి మాట రాదంటాడు. ఏడో ఆవిడా, పన్నెండో ఆవిడా ఒక్కరే. చీర మార్చుకుని రెండోసారి వచ్చిందని వకుళ ముక్కుపుడక చూసి పట్టేస్తుంది. ఆవిడ సిగ్గుపడి ఒక్క కుర్చీలోకి సర్దుకుంటుంది. పంతొమ్మిదో ఆవిడ మాత్రం పన్నెండు వందల మంది పిల్లల్ని ఎత్తుకొచ్చింది, ఒక్కొక్కరి తల్లి పేరూ నోటికి చెబుతుంది. వకుళ లేచి ఆవిడకి ఫ్యాను కింద చోటిస్తుంది.

మూడింటికి వకుళ నేల మీద సుద్దముక్కతో గీత గీస్తుంది. గీతకి ఎడమ పక్క తల్లి గుండె, కుడి పక్క గాజుపెట్టె. అందరూ వరసగా నిలబడి చేతులు చాపాలి. తక్కువమందిని చూసినవాళ్ళ చేతులు బారలకొద్దీ పొడుగు. ఎటూ తేల్చుకోలేక గీతకి రెండు పక్కలా చాపుతారు. పన్నెండు వందల ఆవిడవి జానెడు చేతులు. రెండూ ఎడమ పక్కనే ఉన్నాయి.

ఆ చేతులన్నీ ఒకదానితో ఒకటి కలిస్తే నలుపలకల గుడ్డ ఒకటి అల్లుకోవాలి. అదే ఆఖరి మాట. అల్లుకుంటోంది, కానీ మధ్యలో ఒక పోగు జారిపోతోంది. మళ్ళీ అల్లితే మళ్ళీ అక్కడే జారుతుంది.

"ఇంకోళ్ళు రావాలండి" అంటుంది పన్నెండు వందల ఆవిడ.

"అందర్నీ పిలిచాను."

"పిలవకుండా ఉన్నోళ్ళెవరో మీకే తెలియాలండి."

అప్పుడు వకుళ బల్లసొరుగు లోపలి నుంచి తడుతున్న చప్పుడు వినిపిస్తుంది. పదకొండేళ్ళుగా వినిపిస్తూనే ఉంది. చెదలనుకుంటూ వచ్చింది.

ఆ సొరుగులో ఉన్నది ఈ ఆసుపత్రి సొంత పరిశోధనే. అప్పుడు నలభై మంది తల్లులు కావాలి. పిల్లని కడుపుసంచిలో మోసుకు తిరిగే జంతువు పేరే ఈ వైద్యానికి పెట్టారు గనక, తల్లులు సంతకం పెట్టాల్సిన ఫారాన్ని వకుళే తెలుగు చేసింది: "మీ బిడ్డకు కంగారు సంరక్షణ ఇవ్వడానికి అనుమతిస్తున్నారా?" చక్కగా కుదిరిందని మురిసిపోయింది కూడా. ముప్ఫై ఇద్దరు తల్లులు ఫారం తిప్పి ఇచ్చేశారు. "మా కంగారే మాకు చాలండి, ఇంకా మీరెందుకు ఇవ్వడం?" అన్నారు. ఎనిమిది మంది ఒప్పుకున్నారు. ఎనిమిది మందితో ఏం తేలుతుందని పెద్దలు ఆపేశారు. ఒక్క మాట దగ్గర తప్పు చేశానని ఎవరికీ చెప్పుకోలేక వకుళ సొరుగుకి తాళం వేసింది.

ఇప్పుడు తాళం తీస్తుంది. లోపల నాలుగు మడతలుగా ఒకావిడ ఉంది. మడతలు విప్పుకుని నిలబడితే వకుళ ఎత్తే ఉంది. అరచేతుల నిండా వకుళ దస్తూరీ. ఒక మూటలో ఐదుగురు, ఒక మూటలో ముగ్గురు. చేతులు చాపితే గది ఈ గోడ నుంచి ఆ గోడకి తగులుతున్నాయి.

"నువ్వు ఏ పక్కా చెప్పలేవుగా" అంటుంది వకుళ.

"చెప్పలేనని చెప్పడానికైనా రావాలి కదండీ."

ఆవిడ చేతులు కలపగానే పోగు నిలుస్తుంది. గుడ్డ పూర్తవుతుంది, చిన్నది, పాత చీరంత మెత్తన. నాలుగు మూలలూ గీతకి ఎడమ పక్కనే పడ్డాయి. వకుళకి ఏడుపొస్తుంది, ఏడుస్తూనే గుడ్డ పట్టుకుని మెట్లు దిగుతుంది. తొందరలో ఉన్నది చూసి మెట్లు సగానికి తగ్గుతాయి.

వార్డులో గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. బిడ్డ పెట్టె మూతకి ఆనుకుని ఉంది, చెంప గాజుకి నొక్కుకుని తెల్లబడింది. తాయారు మంచం కింద తాయారు కంగారు పడుకుని ఉంది. బూడిదరంగుది, మనిషంత ఉంటుంది, కడుపుకి ఖాళీ సంచి. మూడు రోజులుగా పచ్చిగంగ ముట్టలేదు.

"నీ తోక కాస్త అటు తియ్యవే, పొద్దున్నుంచి ఇద్దరు కాళ్ళకడ్డం పడి బోర్లా పడ్డారు" అని సలోమీ సిస్టర్ దాన్ని కసురుతోంది.

డాక్టరు గారు గుడ్డని తడిమి చూస్తారు, ఒక్కో పోగూ, సొరుగులోంచి వచ్చిన పోగు కూడా. అటూ ఇటూ లాగి చూస్తారు. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి నోటీసు చింపుతారు.

తాయారు మాత్రం చేతులు వెనక్కి లాక్కుంటుంది. "నాకు బయ్యం మేడమ్మా. ఆ కంగారు వైద్దిగం వద్దు. అదేదో ఇత్తారంటే మా అత్త తన పురుటప్పుడు వద్దందంట. నాకిప్పటికే బోల్డంత కంగారుంది, చూత్తన్నారుగా."

"ఆ మాట రాసింది నేనేనమ్మా. నాదే తప్పు. ఇందులో ఇచ్చేది ఏమీ లేదు. నీ పిల్లని నువ్వు గుండెకి హత్తుకోవడమే."

"అంతేనా?"

"అంతే."

"మరి ఆ మాటే రాయొచ్చుగా అప్పుడు!" అంటుంది తాయారు.

సిస్టర్ మూత తీసి, పైకి పోబోతున్న పిల్లని పాదం దగ్గర ఒడుపుగా పట్టుకుని కిందికి దించుతుంది. తల్లి రొమ్ముల మధ్య పెట్టి గుడ్డ చుట్టి ముడి వేస్తుంది. బిడ్డ ఇంకా కాసేపు పైకే లాగుతుంది. తాయారు రెండు చేతులూ అడ్డం పెట్టుకుంటుంది. కొంతసేపటికి మంచం పట్టె కిర్రుమంటుంది. బరువు దిగుతోంది. తాయారు "అమ్మో, ఎంతుందో" అని నవ్వుతుంది.

కంగారు మంచం కింద నుంచి బయటికొచ్చి నిలబడుతుంది. ఇక్కడ దానికింక పని లేదు. ఖాళీ సంచి రెండు చేతులతో తెరిచి పట్టుకుని అటూ ఇటూ చూస్తోంది.

సొరుగులో ఆవిడతో కలిపి ఇరవై ఒక్క పరిశోధనలూ వార్డు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాయి. బరువు మూటల్లోవాళ్ళని ఇళ్ళకి పంపేశారు. తేలిక మూటలు చేతుల్లోనే ఉన్నాయి. "వీళ్ళని లెక్కలో వేశామండి, ఎక్కడ దించాలో మాత్రం ఎవరూ చెప్పలేదు" అంటాడు మొదటాయన. కంగారు అతని ముందుకెళ్ళి వంగుతుంది. అతను మూట విప్పి ఒక్కొక్కర్నీ మెల్లిగా సంచిలో దించుతాడు. తర్వాత ముక్కుపుడక ఆవిడ, తర్వాత కోటాయన, కోటు విప్పేసి. పన్నెండు వందల ఆవిడ ప్రతి తల్లి పేరూ చెబుతూ దించుతుంది. సంచి పట్టదన్నది లేదు. ఆఖరి ముగ్గుర్నీ వకుళే ఎత్తుకుని దించుతుంది. ముగ్గురి తల్లుల పేర్లూ ఆమెకి గుర్తే, పదకొండేళ్ళుగా ఒక్కరోజూ మర్చిపోలేదు.

అయినా కంగారు సంచి మూయదు. వకుళ వైపే చూస్తూ తెరిచి పట్టుకుని ఉంది.

వకుళ చెప్పులు విడిచి లోపలికి దిగుతుంది.

లోపల వెచ్చగా ఉంది. పద్నాలుగు కుర్చీలూ, గోడ దగ్గర బల్లా ఉన్నాయి. పిల్లలంతా వరసగా సర్దుకుని కూర్చున్నారు, ఆమెకి ఫ్యాను కింద చోటుంచారు. అందరికంటే చిన్నది లేచి వచ్చి ఒక ఫారం అందిస్తుంది. దస్తూరీ వకుళదే. మీకు కంగారు సంరక్షణ ఇవ్వడానికి అనుమతిస్తున్నారా, అని ఉంది.

వకుళ రెండుసార్లు చదువుకుని సంతకం పెడుతుంది. కంగారు దూకుతుంది.