ఆలస్యంగా ఎదిగే ఎముకలు

ఆవిడ వాలీబాల్ కోచ్. గడకర్రలా పొడుగు. ఆవిడ కూతురికి పద్నాలుగేళ్ళు నిండుతున్నా టీమ్‌లో తోటి పిల్లల భుజాల దాకా కూడా రాలేదు.

"మీ వంశమంతా ఇంతే. స్టూలు వేసుకుంటేగాని ఒక్కరికీ అటక అందదు" అని భర్తను దెప్పేది. ఆయన సోఫాలు బాగుచేసే మనిషి. నవ్వి ఊరుకునేవాడు.

రోజూ ప్రాక్టీసయ్యాక కూతుర్ని కడ్డీకి వేలాడమనేది. ఒకరోజు అందరి ముందూ, "బంతిని కాదు, ముందు దీన్ని పైకి విసరాలి" అంది. టీమంతా పగలబడి నవ్వింది. పిల్ల కూడా నవ్వింది. ఆ తర్వాత కొన్నాళ్ళు సరిగ్గా అన్నం తినలేదు. అమ్మమ్మే పట్టుబట్టి అందర్నీ డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరదీసింది.

డాక్టరమ్మ పిల్ల మణికట్టు ఎక్స్‌రే లైటు ముందు పెట్టి చూసింది. "జబ్బేం లేదండీ. ఎముకల వయసు మాత్రం అసలు వయసుకన్నా రెండేళ్ళు వెనకుంది. కొన్ని ఇళ్ళల్లో పిల్లలు ఆలస్యంగా ఎదుగుతారు. మీ ఇద్దర్లో ఎవరైనా అలా ఎదిగారా?"

"నేను మొదట్నించీ పొడుగేనండీ. ఈయన్నే అడగండి" అంది కోచ్.

"నేను తొందరగానే ఎదిగానండీ. తొందరగానే ఆగిపోయాను" అన్నాడాయన.

వెనక కుర్చీలోంచి అమ్మమ్మ అందుకుంది. "మొదట్నించీ ఏంటే? పదహారేళ్ళొచ్చేదాకా నీకు చెల్లెలి గౌన్లే కదే తొడిగాను! పెద్దమనిషివి ఎప్పుడవుతావోనని నాకు నిద్రపట్టేది కాదు. బళ్ళో 'గుప్పెడు' అని పిలుస్తున్నారని తలుపేసుకుని ఏడ్చేదానివి. మర్చిపోయావా?"

మర్చిపోలేదు. పెళ్ళయ్యాక ఎవరికీ చెప్పలేదు, అంతే. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

"అయితే అమ్మాయిది మీ పోలికేనన్నమాట" అంది డాక్టరమ్మ. కూతురు తనవంకే చూస్తోందని తెలిసీ కోచ్ తలెత్తలేకపోయింది.

బస్సులో భర్త ఎప్పట్లాగే టికెట్లు తీసి ఆవిడకు సీటు చూపించాడు. తిట్టినా బాగుండేదనిపించింది. కూతురే అడిగింది.

"నిన్ను అలా అంటే ఏడ్చేదానివి కదమ్మా. మరి నన్నెందుకన్నావు?"

"నిన్ను చూస్తే అదంతా గుర్తొచ్చేదే. ఆ పొట్టిపిల్లని నేను కాదనుకోవాలని..." తలెత్తి కూతురి వంక చూసింది. "తప్పు చేశానమ్మా. మీ నాన్ననీ ఊరికే ఆడిపోసుకున్నాను."

కూతురు కిటికీవైపు తిరిగిపోయింది.

మర్నాడు ప్రాక్టీసుకు ముందు ఆవిడ టీమ్‌ను కూర్చోబెట్టి, తన చిన్నప్పటి సంగతీ, కూతుర్ని అన్న మాట తప్పన్న సంగతీ చెప్పింది. పిల్లలు ఎటు చూడాలో తెలియక బూట్ల లేసులు సర్దుకున్నారు. వినాల్సిన పిల్ల మాత్రం రాలేదు. ఇక వాలీబాల్ ఆడనని తండ్రితో చెప్పేసి, ఈత నేర్చుకోవడానికి చేరింది.

డాక్టరమ్మ చెప్పినట్టే ఆ పిల్ల ఆ తర్వాత ఏపుగా ఎదిగింది. అయినా కోర్టు వైపు తొంగిచూడలేదు. ఈత పోటీలప్పుడు తల్లి వెళ్ళి చివరి వరసలో కూర్చుని వస్తుంది. కూతురు రావద్దనలేదు. రమ్మనీ అనలేదు.