గదులు ఖాళీ లేవు

అరసవల్లిలో లాడ్జీ పెట్టిన నాటి నుంచీ బుజ్జమ్మది ఒకటే పట్టుదల. సూర్యనారాయణస్వామి దర్శనానికి వచ్చినవాళ్లని గది లేదని వెనక్కి పంపకూడదు. అవసరమైతే తన గదైనా ఖాళీ చేసి ఇచ్చేస్తుంది. ఆ సంగతి వీధంతా చెప్పుకోవాలి, చెప్పుకున్నది ఆవిడ చెవిన పడాలి. అంతటి పుణ్యాత్మురాలికి సొంత మనవరాలి ఊపిరి మాత్రం ఎప్పుడూ పట్టలేదు.

మనవరాలు హర్షితకి పన్నెండేళ్లు. చిన్నప్పటి నుంచీ ఆస్తమా. ఈమధ్య దానికి గురక తోడైంది. మామూలు గురక కాదు. సాగి సాగి ఉన్నట్టుండి ఆగిపోయేది. తల్లి అర్చన గుండె గుప్పిట్లో పెట్టుకుని చూస్తుండగా, పిల్ల ఉలిక్కిపడి గాలి కోసం నోరు తెరిచేది. పగలంతా బళ్లో కునికిపాట్లు పడేది. గోడ అవతల దిగిన భక్తులెవరో ఆ గురకకి నిద్ర పట్టలేదన్నారు. అంతే, బుజ్జమ్మ పిల్ల మంచాన్ని వెనక సామాన్ల గదిలోకి తోయించింది.

కిటికీ లేని గది అది. లాడ్జీలో పాతబడ్డ దూది పరుపులన్నీ అక్కడే పేర్చి ఉంటాయి. చెయ్యి తగిలితే చాలు, దుమ్ము లేస్తుంది. అక్కడ పడుకోవడం మొదలెట్టాక పిల్లకి పిల్లికూతలు పెరిగాయి, గురకా పెరిగింది.

రథసప్తమికి ముందురోజు పొద్దున్న అర్చన పిల్ల నిద్రని ఫోనులో వీడియో తీసి, తీసుకెళ్లి శ్రీకాకుళంలో డాక్టరుకి చూపించింది.

"ఈ గురకా, ఆస్తమా ఒకదాన్నొకటి ఎగదోస్తాయమ్మా," అన్నాడాయన. "ముక్కు వెనక కండ వాచి గాలి దారి ఇరుకైనట్టుంది. అందుకే నిద్రలో ఊపిరి ఆగుతోంది. నిద్ర చెడితే ఆస్తమా ముదురుతుంది, ఆస్తమా ముదిరితే నిద్ర చెడుతుంది. మందులు రాస్తాను, వైజాగ్‌లో నిద్ర పరీక్ష కూడా చేయిద్దాం. ముందు పిల్లని ఆ దుమ్ములోంచి బయటికి తియ్యండి."

ఇంటికొచ్చి ఆ మాటే చెబితే, బుజ్జమ్మ వీడియో చూసి మూతి తిప్పింది.

"ఊపిరి ఆగిపోతే మరి బతికెలాగున్నాదే? డాకటేర్లు అలాగే సెప్తారు. రాత్రికి జనం దిగుతారు. పిల్లని ఎనక గదిలోనే పడుకోబెట్టు."

అర్చన భర్త ప్రమోద్ తల వంచుకుని తాళాల గుత్తి సర్దుకున్నాడు. తల్లి ముందు అతనికి నోరు పెగలదు. అర్చన ఏడవలేదు. ఒళ్లు భగ్గున మండింది. ఈవిణ్ణి ఒక్క రాత్రి ఆ పరుపుల మధ్య పడుకోబెట్టకపోతే నేను దానికి తల్లినే కాదు అనుకుంది.

సాయంత్రానికి వీధిలో ఆటో కదలడానికి సందు లేదు. ప్రమోద్ 'గదులు ఖాళీ లేవు' బోర్డు గుమ్మానికి తగిలించాడు. అప్పుడు అర్చన అత్తగారి దగ్గరికి వెళ్లింది. చుట్టూ నలుగురు భక్తులు ఉన్న సమయం చూసుకుని మరీ వెళ్లింది.

"అత్తయ్యా, బరంపురం నుంచి ఒకావిడ వచ్చినాది. పిల్లకి ఒంట్లో బాగులేదట. గది లేదంటే కళ్లనీళ్లు ఎట్టుకుంటన్నాది. ఎనక్కి పంపీమంటారా?"

బుజ్జమ్మ భక్తుల వైపు ఓసారి చూసింది.

"ఎనక్కి పంపడమేటే? నా గదిచ్చీ! సామి పండగనాడు నాకు సుకమేటి? ఎక్కడో ఓ మూల పడుంటాను."

"ఎనక గదిలో మీకు పక్క ఏసీసినాను అత్తయ్యా. పిల్లని ఈ రాత్రికి నా పక్కన పడుకోబెట్టుకుంటాను."

బుజ్జమ్మ ముఖం మాడింది. కానీ భక్తులు అప్పటికే చేతులు జోడించి ఆవిణ్ణి పొగుడుతున్నారు. ఇక వెనక్కి తగ్గితే పరువేం కావాలి?

బరంపురం ఆవిడా లేదు, ఆవిడ పిల్లా లేదు. బుజ్జమ్మ గదిలో, కిటికీ పక్కన, ఉతికిన దుప్పటి పరిచి అర్చన హర్షితని పడుకోబెట్టింది. మందు పీల్పించి తలుపు గడియ పెట్టుకుంది. గురక ఒక్క రాత్రిలో పోయేది కాదు, పోలేదు. కానీ పిల్లికూతలు తగ్గాయి, పిల్ల మునుపటంత ఉలిక్కిపడలేదు. సామాన్ల గదిలోంచి మాత్రం దగ్గు వినిపిస్తూనే ఉంది. అర్చన ఆ దగ్గుని జోలపాటలా వింది. జాలి అన్నది ఆమె దరిదాపులకి రాలేదు.

తెల్లారేసరికి బుజ్జమ్మ కళ్లు వాచిపోయి ఉన్నాయి. తుమ్ము మీద తుమ్ము. ఆ అవస్థలోనే భక్తుల బాగోగులు అడుగుదామని తన గది తలుపు తట్టింది. హర్షిత ఆవులిస్తూ తలుపు తీసింది. వెనకే అర్చన నిలబడి ఉంది.

"ఇదేటే? బక్తులేరీ?"

"ఎవరూ రాలేదు అత్తయ్యా. మీ మనవరాలే పడుకున్నాది."

"నన్నే మోసం సేసినావా? రాత్రంతా ఆ దుమ్ములో సచ్చిపోనానే! ఊపిరాడలేదే నాకు!"

"ఊపిరాడకపోతే మరి బతికెలాగున్నారు?"

బుజ్జమ్మ నోరు తెరిచింది. తుమ్మొచ్చింది. ముక్కు తుడుచుకుని, "నా గది నాకిచ్చీ," అంది గొంతు తగ్గించి.

అర్చన వీధి గుమ్మం దాకా వెళ్లింది. 'గదులు ఖాళీ లేవు' బోర్డు తీసుకొచ్చి ఆ గది తలుపుకే తగిలించింది. బుజ్జమ్మ గుమ్మం దగ్గరున్న కొడుకు వైపు చూసింది.

ప్రమోద్ తల వంచుకుని తాళాల గుత్తి సర్దుకున్నాడు.