బొంత సంచి

నీలకంఠం బ్యాటరీని చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. చల్లగానే ఉంది. మళ్లీ బల్ల మీద పెట్టి, రికార్డరుకు తగిలించి, కాలర్ మైకులన్నీ ఆన్ చేసి స్టూలు మీద కూర్చున్నాడు. పొద్దుట వచ్చినప్పట్నుంచీ ఇదే పని. చూసేవాళ్లకి జ్వరమొచ్చిన పిల్లాణ్ణి కనిపెట్టుకుని ఉన్నట్టుంటుంది గానీ, సంగతి అది కాదు. టంకం పెట్టీ పెట్టీ అతని వేలి కొసలు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. పొగలు కక్కే టీ గ్లాసుని గుప్పిట్లో పట్టుకుని తాపీగా తాగేస్తాడు. అందుకని వేడి చూడాల్సి వస్తే చెంపనే నమ్ముతాడు.

బక్కపలచటి మనిషి. బల్ల మీదకి వంగి వంగి వీపు అలాగే ఉండిపోయింది. ముంజేతుల మీద టంకం చింది కాలిన మచ్చలు మిరియాల్లా ఉంటాయి. కళ్లద్దాల కాడ విరిగితే రాగితీగ చుట్టుకున్నాడు. కొత్తవి కొనుక్కోమని పెళ్లాం అసిరమ్మ పోరుతూనే ఉంది, అతను వింటూనే ఉన్నాడు.

ఎలమంచిలి దగ్గర పల్లె నుంచి వచ్చి పూర్ణా మార్కెట్‌లో టేప్‌రికార్డర్లు బాగుచేశాడు. టేపులు పోయాక పోర్టు కాంట్రాక్టర్ల వాకీటాకీలు బాగుచేశాడు. ఇప్పుడు ద్వారకానగర్‌లో మేడ మీద, షూటింగులకి రికార్డర్లూ మైకులూ అద్దెకిచ్చే ఉమాశంకర్ షాపులో ఉన్నాడు. సెల్స్ జతచేసి, నికెల్ పట్టీలు అతికి, తీగలకి టంకం పెట్టి, పైన నీలం తొడుగు వేసి బ్యాటరీ ప్యాకులు తయారుచేసేది అతనే. బజార్లో దొరికేవాటి కన్నా ఎక్కువసేపు వస్తాయని పేరుంది. పేరంటే ఆ నలుగురైదుగురు సౌండ్ రికార్డిస్టుల్లోనే లెండి, ఊరంతా కాదు.

అలాంటి ప్యాకొకటి నిన్న రుషికొండ ఇసకలో, సరిగ్గా షాట్ మధ్యలో కాగిపోయింది. రికార్డిస్టు నీలిమ దాన్ని నడుముకు కట్టుకుని ఉంది. చురుక్కుమనేసరికి లాగి అవతల పడేసింది. చర్మం కాస్త కందింది, అంతే. సాయంత్రం తెచ్చి బల్ల మీద పెట్టి, "ఏటయిందో సూడు బాబాయ్" అని వెళ్లిపోయింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండునని రాత్రంతా అనుకున్నాడు నీలకంఠం.

కొన్నాళ్లుగా అతని కుడిచెయ్యి వణుకుతోంది. పొద్దుట పూట ఎక్కువ. అసిరమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. టంకం పెట్టే ఐరన్ పట్టుకున్నప్పుడు ఎడమచేత్తో కుడి మణికట్టుని అదిమిపట్టి పని కానిచ్చేస్తున్నాడు. ఆ వణుకులో ఒక్క టంకం చుక్క పక్కకి జారినా, ఒక్క తీగ సగమే అతుక్కున్నా, ప్యాక్ కాగడానికి అది చాలు. అలా చేసినవి ఇంకెన్ని ఎవరెవరి నడుములకి ఉన్నాయో తలుచుకుంటే అతనికి ముద్ద దిగలేదు. తప్పు తన చేతిదే అయితే ఈ పూటతో ఐరన్ కింద పెట్టేయాలని బస్సులోనే నిర్ణయించుకున్నాడు. పెట్టేస్తే మాత్రం ఏం మిగులుతుంది? ఇన్నేళ్లు పనిచేసి, చివరికి ఆడపిల్ల నడుం కాల్చి వెళ్లిపోయాడన్న మాటే మిగులుతుంది.

తొడుగు చీల్చి భూతద్దంతో ఒక్కో అతుకూ చూశాడు. అన్నీ మెరుస్తూనే ఉన్నాయి. సెల్స్ కూడా ఒక్కతీరుగానే ఉన్నాయి. అయినా మనసు కుదుటపడలేదు. తన చేతిని తన కళ్లతోనే చూసి నమ్మడమెలా?

ఉమాశంకర్ వచ్చి వెనక నిలబడ్డాడు. వాళ్లది గోదావరి వైపు కుటుంబం, నాన్న స్టీల్‌ప్లాంట్ ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఈ ఊళ్లోనే పుట్టినా అతని నోట్లోంచి 'అండీ' మాత్రం పోలేదు.

"ఏమండీ నీలకంఠం గారూ, ఏమైనా దొరికిందా?"

"లేదు బాబూ. బల్ల మీద బుద్ధిగానే ఉంటంది."

"సెల్స్‌లోనే ఏదో తేడా ఉంటుందండి. మీ చేతి పని మీద నాకు అనుమానం లేదు."

ఆ మాటకి నీలకంఠం కుడిచెయ్యి బల్ల కిందకి పోయింది.

మధ్యాహ్నం నీలిమ వచ్చింది. సాయంత్రం షూటింగుకి ఇంకో ప్యాక్ కావాలి. భుజం మీది సంచి దించి, బెల్టూ సామాన్లూ బల్ల మీద కుమ్మరించింది. నీలకంఠం ఆ కుప్పని చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. బల్ల మీద కాగనిది ఆ పిల్ల నడుం మీద కాగింది. అయితే చూడాల్సింది బల్ల మీద కాదు.

"అమ్మా, నిన్న ఎలాగ కట్టుకున్నావో ఇప్పుడూ అలాగే కట్టుకో."

"ఇదే ప్యాకా?"

"ఇదే. భయపడకు, నాను పక్కనే ఉంటాను."

అతను కొత్త తొడుగు వేసిచ్చాడు. నీలిమ దాన్ని ఎర్రటి బొంత సంచిలోకి దూర్చి, బొత్తం పెట్టి, బెల్టుకి తగిలించుకుని, మైకులన్నీ ఆన్ చేసి కుర్చీలో కూర్చుంది. ఫోన్లో ఏదో చూసుకుంటోంది. నీలకంఠం చూపు మాత్రం సంచి మీదే ఉంది. అది అసిరమ్మ కుట్టిన సంచి. చలికాలంలో అరకు షూటింగుకి వెళ్తూ, ప్యాక్ అంచు నడుంలో గుచ్చుకుంటోందని ఈ పిల్లే అంది. అతను ఇంట్లో ఆ మాట చెప్పాడు. అసిరమ్మ పాత నేతచీర మూడు మడతలు వేసి, దగ్గర దగ్గరగా కుట్టి, మూత కూడా పెట్టి ఇచ్చింది. తీసుకొచ్చి నీలిమ చేతికిచ్చింది తనే. అప్పుడు చలి. ఇప్పుడు మే నెల, రుషికొండ ఇసక.

కాసేపటికి నీలిమ కుర్చీలో కదిలింది. "బాబాయ్, మళ్లీ వేడెక్కుతంది."

సంచి విప్పి, ప్యాక్ బయటికి తీసి చెంపకు ఆనించబోయి చటుక్కున తల వెనక్కి తీశాడు. సెగ. వెంటనే దాన్ని పక్కన పెట్టేసి, అరలోంచి తను చేసిందే ఇంకోటి తీసి, వల సంచిలో వేసి ఆమె బెల్టుకి తగిలించాడు. అవే మైకులు, అదే కుర్చీ, అంతే సేపు. చెంపకు ఆనిస్తే గోరువెచ్చగా ఉంది, ఇంకేం లేదు.

నీలకంఠం స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, కళ్లద్దాలు తీయడం కూడా తోచలేదు.

"ఏటయింది బాబాయ్?"

"మీ పిన్ని కుట్టు తల్లీ. గాలన్నది ఆడనివ్వలేదు దానికి. నా టంకం కన్నా గట్టిగా కుట్టీసింది."

"ఇంత మెత్తటి సంచి దొరకదు బాబాయ్. పిన్నికి సెప్పకు, బాధపడతాది."

"సెప్పకుండా ఊరుకుంటానేటి? నా పనికి వంక పెట్టడం తప్ప ఇన్నాళ్లూ ఏం సేసింది?"

ఎర్ర సంచి బల్ల మీదే వదిలేసి, నీలిమ వల సంచితోనే వెళ్లింది. రెండుసార్లు కాగినదాన్ని ఇక ఎవరి నడుముకీ కట్టకూడదని, ఆ ప్యాక్‌ని ఇసక పోసిన డబ్బాలో పడేశాడు నీలకంఠం. మెట్ల మీద నిలబడి అసిరమ్మకి ఫోన్ చేశాడు.

"కూర తిన్నావా?" అందావిడ, అన్నిటికన్నా ముందు.

"ఇప్పుడు తింటాను," అన్నాడు. తిన్నాడు కూడా, కారియర్ అడుగు దాకా తుడిచి.

సాయంత్రం ఉమాశంకర్ కొత్త సెల్స్ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. "రేపు ఇవి మొదలుపెట్టేద్దామండీ."

"రేపట్నుంచి నాను రాను బాబూ."

ఉమాశంకర్‌కి అర్థం కాలేదు. "అదేంటండీ? తప్పు మీది కాదని తేలిపోయిందిగా."

"అందుకే బాబూ." నీలకంఠం కుడిచెయ్యి ముందుకు చాపి అలాగే ఉంచాడు. మణికట్టుని పట్టుకోలేదు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. "నిన్న మానీసుంటే తప్పు సేసి పోనాడనే మాట నా మీదే ఉండిపోయీది. రేపెప్పుడో నిజంగానే ఒకటి పాడుసేత్తాను. ఇయ్యాల ఏ మచ్చా లేదు. ఇయ్యాల ఎల్తే బాగుంటాది."

ఉమాశంకర్ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఎవరికైనా పని సెప్పడానికి ఒస్తాను బాబూ, ఎప్పుడు పిలిచినా. ఐరన్ పట్టుకోడం ఒక్కటే నా వల్ల కాదు."

ఐరన్ స్విచ్ ఆపేసి, అది చల్లారేదాకా కూర్చున్నాడు. చెంప దగ్గరగా పెట్టి చూసి, తీగ చుట్టి, ఎర్ర సంచిలోకి జార్చాడు. కారియర్ పట్టుకుని మెట్లు దిగాడు.

ఇంటికెళ్లే దువ్వాడ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కుడిచెయ్యి ఒళ్లో వెల్లకిలా పడి వణుకుతోంది. వణకనిచ్చాడు. పోర్టు వైపు నుంచి గాలి వచ్చి ముఖానికి తగిలింది. సంచి సంగతి అసిరమ్మకి ఎలా మొదలుపెట్టి చెప్పాలా అని ఆలోచిస్తూ, కొంచెం దూరం పోయేసరికి నిద్రపోయాడు.

ద్వారకానగర్ మేడ మీద ఖాళీ స్టూలు ముందు, కొత్త సెల్స్ పెట్టె పక్కన, బొత్తం పెట్టిన ఎర్రటి బొంత సంచి ఉంది, లోపల చల్లారిన ఐరన్‌తో.