కానుగ మెడలో కాపలా

నేను ఒక ఇనుప కంచెను. పొలాల చుట్టూ పాకే ముళ్లకంచెను కాను. ఒంటరి మొక్క చుట్టూ నిలబెడతారే, ఆ గుండ్రటి కంచెను. అనంతపురం దగ్గర ఒక వెల్డింగు షాపులో, కిటికీలకు పోగా మిగిలిన ఊచలతో పుట్టాను. ఇనుము చాలక వెల్డరు నా పైచుట్టును ఇరుకుగా బిగించి, "మేక మూతి దూరదు, అది చాల్లే" అన్నాడు. నా నుదుటికి ఒక రేకు అతికించారు. దానిమీద దాత తిమ్మారెడ్డిగారి తల్లి పేరు రాయించారు. మొక్క కంటే ఆ పేరే ఎత్తుగా ఉండేది.

ఊరిబడికి వచ్చాక తెలిసింది, అక్కడ మొక్క నాటడం ఏటా జరిగే తంతు అని. వానాకాలంలో అదే గుంటలో నాటి ఫొటో దిగేవారు. వేసవి సెలవుల్లో మొక్క చచ్చేది. గుంటకు మాత్రం చావు లేదు.

ఆ తంతును మాన్పించింది ఏడో తరగతి నూర్జహాన్. మధ్యాహ్నం భోజనాలయ్యాక కంచాలు కడిగిన నీళ్లను పిల్లలు చిన్న కాలవ తీసి మొక్కకు మళ్లించారు. సెలవుల్లో వీధికొక వారం వంతు. వంటమనిషి హనుమక్క బిందె మోసింది. హెడ్మాస్టరు ఎర్రిస్వామి సారు కూడా తన వంతు తప్పలేదు. నాలోని కానుగ మొక్క మొదటిసారి వేసవి దాటింది. మేకలు నాకు మూతులు రుద్దుకుని వెళ్లిపోతుంటే భలే గర్వంగా ఉండేది.

నూర్జహాన్ వాళ్లు హైస్కూలుకు వెళ్తూ తర్వాతి పిల్లలకు నీళ్ల వంతులు అప్పజెప్పారు. నన్నెప్పుడు తీయాలో చెప్పలేదు. వాళ్లకు తోచనే లేదు. నీళ్లు అందుతూనే ఉన్నాయి, చెట్టు లావెక్కుతూనే ఉంది, నా పైచుట్టు మాత్రం అంతే ఉంది. మొదట బెరడుకు తగిలాను. తర్వాత ఒరుసుకున్నాను. ఆపైన లోపలికి దిగిపోయాను. కాపలాకు పెట్టినదాన్ని, గొంతు పిసుకుతున్నాను. అరుద్దామంటే నోరు లేదు.

ముందుగా గమనించింది హనుమక్క. "సార్, చెట్టుకు ఉరి పడినట్టుండాది. కోసేద్దాం సార్."

సారు రేకు వైపు చూశాడు. "పెద్దాయన అమ్మ పేరుండాది కదక్కా. ఒక మాట అడిగి తీద్దాంలే."

అడగడానికి మొహమాటపడుతూనే రెండు వానాకాలాలు గడిపాడు. చివరికి అడిగితే తిమ్మారెడ్డిగారు విస్తుపోయారు. "దీనికి నన్నడిగేదేముండాది సార్? అప్పుడే కోసింటే సరిపోయేది గదా!"

రంపంతో నన్ను కోశారు. పైచుట్టు రాలేదు, మానులోనే ఉండిపోయింది. ఆ వేసవిలో కానుగ ఆకు రాల్చింది, మళ్లీ చిగురించలేదు. కబురు విని నూర్జహాన్ వచ్చింది. అప్పటికి కాలేజీలో చేరింది. మానుమీద చెయ్యి వేసి, "నీళ్లు పోయమంటి గానీ, ఇది చెప్పకపోతి" అని ఏడ్చింది.

వెళ్లేముందు బడి పిల్లలకు ఒక పని అలవాటు చేసింది. శనివారం శనివారం మొక్కకూ కంచెకూ మధ్య చెయ్యి పెట్టి చూడాలి. చెయ్యి ఇరుక్కుంటే ఎవరినీ అడక్కుండా కంచె కోసేయాలి. సారు సరేనన్నాడు.

నాకు కొత్త పైచుట్టు వేసి, ఎండిన మోడు పక్కనే మరో కానుగ మొక్కకు కాపలా పెట్టారు. ఈసారి రేకు లేదు. ప్రతి శనివారం ఒక చిన్న చెయ్యి నాలోకి వచ్చి, సులువుగా తిరిగి వెళ్తుంది. మొక్క ఇంకా సన్నగానే ఉంది. అది లావయ్యేసరికి ఈ చేతులన్నీ బడి దాటి వెళ్లిపోతాయి. తర్వాత వచ్చే చేతులకు వీళ్లు చెప్పి వెళ్తారో లేదోనని నాకు భయం. పక్కనే మోడులో నా పాతచుట్టు తుప్పు పడుతోంది. దాన్ని చూస్తూ శనివారం కోసం నిలబడి ఉంటాను.